వెళ్లేటప్పుడు ఎమిగ్రెంట్, దిగాక ఇమిగ్రెంట్

శంషాబాద్ విమానాశ్రయంలో దేశం దాటేవాళ్లకీ, తిరిగొచ్చేవాళ్లకీ ఎదురయ్యే బోర్డు ఒకటే: ఇమిగ్రేషన్. అందుకే ఎమిగ్రేషన్ అనే ఇంకో మాట ఉందన్న సంగతి చాలామందికి పట్టదు. గల్ఫ్ బాట పట్టే జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో మాత్రం అది బతుకుతెరువుతో ముడిపడ్డ మాట.

నిఘంటువు లెక్కన తేడా చిన్నదే. సొంత దేశం వదిలితే ఎమిగ్రెంట్, అదే మనిషి అవతల స్థిరపడితే అక్కడివాళ్లకు ఇమిగ్రెంట్.

చట్టం లెక్క వేరు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఉద్యోగం కోసం భారత్ దాటడమే ఎమిగ్రేషన్; చదువుకో, చుట్టపుచూపుకో వెళ్లేవాళ్లు ఇందులోకి రారు. పదో తరగతి పాసుకానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ అని ఉంటుంది. ఎమిగ్రేషన్ తనిఖీ తప్పదని దానర్థం. గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వీరికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండాలి.

దొంగ ఏజెంట్ల ఆట ఇక్కడే మొదలవుతుంది. విజిట్ వీసా చేతిలో పెట్టి, ‘అక్కడికెళ్లాక మార్పిస్తాంలే’ అంటారు. కాగితాల్లో ఆ కూలీ పర్యాటకుడైపోతాడు. కాంట్రాక్టూ ఉండదు, బీమా రక్షణా ఉండదు.

మాటల్లోనూ అంతస్తులున్నాయి మరి! దుబాయ్‌లో తెలుగు ఇంజినీరు ‘ఎక్స్‌పాట్’, తెలుగు మేస్త్రీ ‘లేబర్’. చాలావరకు ఇద్దరి వీసాలూ కొలువుతో ముడిపడ్డవే.

ఏజెంటుకు డబ్బు కట్టేముందు, అతనికి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.