నానో కాంక్రీటు

నానోమీటర్ల పరిమాణము గల కణములను కలిపి మన్నికను పెంచిన కాంక్రీటును నానో కాంక్రీటు అందురు. మీటరులో నూరు కోట్లవ వంతు ఒక నానోమీటరు. తల వెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు ఉండును.

ప్రాంతీయ నేపథ్యము

సిమెంటుకు ముఖ్యమైన ముడిసరకు సున్నపురాయి. నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణములు గల నంద్యాల జిల్లా (2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి ఏర్పడినది) ఈ రాతికి ప్రసిద్ధి చెందినది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి శిలల పొరలకు కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అని ఈ ఊళ్ళ పేర్లే పెట్టినారు. సిమెంటునగర్‌లో పాణ్యం సిమెంటు కర్మాగారము వెలసినది. 2022లో కొలిమిగుండ్ల వద్ద రామ్‌కో సంస్థ కర్మాగారము ప్రారంభమైనది.

కాంక్రీటు చెడిపోవుటకు కారణములు

సిమెంటు నీటితో కలిసినపుడు కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అను జిగురు పదార్థము ఏర్పడును. ఇసుకను, కంకరను పట్టి ఉంచునది ఇదే. దీనితోపాటు బలము తక్కువైన కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా పుట్టును. కాంక్రీటులోని సన్నని రంధ్రముల గుండా నీరు, లవణములు, బొగ్గుపులుసు వాయువు లోనికి చేరును. క్షారగుణము తగ్గగానే ఇనుప చువ్వలు తుప్పు పట్టును. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించుట వలన కాంక్రీటు పగిలి పెచ్చులూడును. ఇండ్ల పైకప్పులలో ఇది తరచుగా కనిపించును.

పరిశోధనలు

2009లో రోలాండ్ పెలెంక్ మరియు సహచరులు ఈ జిగురు పదార్థమునకు అణుస్థాయి నమూనాను ప్రచురించినారు. నానో సిలికా కణములు మూడు పనులు చేయును: రంధ్రములను పూడ్చును, సిమెంటు గట్టిపడుటను వేగవంతము చేయును, కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కలిసి మరింత జిగురును పుట్టించును. టైటానియం డయాక్సైడ్ కలిపిన సిమెంటు సూర్యకాంతిలో మురికిని విచ్ఛిన్నము చేయును. రోములో 2003లో పూర్తియైన జూబిలీ చర్చిలో దీనిని వాడినారు.

వరి ఊక బూడిదలో సిలికా అధికముగా ఉండును. దాని నుండి నానో సిలికా తయారుచేయు పద్ధతులపై పరిశోధనలు జరిగినవి. సోనా బియ్యమునకు పేరొందిన నంద్యాలలో మిల్లుల బూడిదకు ఇది మంచి ఉపయోగము కాగలదు.

పరిమితులు

నానో సిలికా ధర ఎక్కువ. మోతాదు మించినచో కణములు ఉండలు కట్టును, కలుపుటకు నీరు అధికముగా కావలసివచ్చును. పొడిని పీల్చుట ఊపిరితిత్తులకు హానికరము కనుక పనివారు ముక్కుకు, నోటికి రక్షణ ధరించవలెను. నల్లరేగడి నేల ఉబ్బి కుంగుట వలన గోడలలో వచ్చు పగుళ్ళను ఇది ఆపజాలదు. దానికి సరియైన పునాదియే మార్గము. తగినంత నీటితో మాత్రమే కలిపి, చక్కగా కుదించి, కనీసము ఏడు దినములు తడి ఆరకుండ చూచుట ఏ కాంక్రీటుకైనను మొదటి రక్షణ.

ప్రాముఖ్యత

ప్రపంచమున వెలువడు బొగ్గుపులుసు వాయువులో సుమారు 7 - 8 శాతము సిమెంటు తయారీ నుండి వచ్చుచున్నది. కట్టడము రెట్టింపు కాలము నిలిచినచో, దానిని తిరిగి కట్టుటకు కావలసిన సిమెంటు, సున్నపురాయి, ఇంధనము ఆ మేరకు మిగులును.