‘వేములవాడ’ అంటే ఏది? ఏఐ ఏజెంట్‌కు విడమరిచి చెప్పకపోతే ఏమవుతుంది?

‘వేములవాడలో పెండింగ్ పనులు ఎన్ని?’ అని ఆఫీసులో అడిగితే అనుభవమున్న ఉద్యోగి వెంటనే ఎదురు ప్రశ్న వేస్తారు: ‘ఏ వేములవాడ సార్? మున్సిపాలిటీనా, రూరల్ మండలమా, నియోజకవర్గమా?’ అదే ప్రశ్న ఏఐ ఏజెంట్‌కు వేస్తే, తనకు తోచిన ఒకదాన్ని పట్టుకుని లెక్క చెప్పేయొచ్చు. అది తప్పని ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఇది చిన్న తేడా కాదు. వేములవాడ పట్టణం రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. కానీ వేములవాడ అసెంబ్లీ నియోజకవర్గంలోని కథలాపూర్, మేడిపల్లి మండలాలు జగిత్యాల జిల్లాలోకి వస్తాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుంచి ఇంతే. కథలాపూర్ రైతు అర్జీని ఏజెంట్ సిరిసిల్ల కలెక్టరేట్‌కు పంపితే, ఆ రైతు ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు పోగొట్టుకుని తిరగాల్సి వస్తుంది.

ఏజెంట్ అంటే ఏమిటి?

చాట్‌బాట్ జవాబు చెప్పి ఆగుతుంది. ఏజెంట్ పని కూడా చేస్తుంది. జిరా, ట్రెల్లో, అసానా లాంటి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో పనుల జాబితా తీస్తుంది, గడువు మారుస్తుంది, ఒకరి నుంచి ఇంకొకరికి పని బదిలీ చేస్తుంది. ఇందుకు దానికి ఇచ్చే సదుపాయాలనే ‘టూల్స్’ అంటారు. ఏఐని బయటి సాఫ్ట్‌వేర్‌తో కలిపేందుకు ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో తెచ్చిన ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ 161 సేవలతో వాట్సాప్‌లో మొదలైంది. తెలంగాణలోనూ మీసేవ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. ఇలాంటి సేవల వెనక రేపు ఏజెంట్లు పనిచేస్తే, అవి టూల్స్‌ను ఎలా అర్థం చేసుకుంటాయన్నది మన అర్జీకి సంబంధించిన విషయమే.

వివరణ ఎందుకంత ముఖ్యం?

టూల్ లోపలి కోడ్ సాధారణంగా ఏజెంట్‌కు కనిపించదు. కనిపించేవి మూడే: టూల్ పేరు, నాలుగు వాక్యాల వివరణ, నింపాల్సిన గడులు. వాటిని చదివే ఏ టూల్ వాడాలో నిర్ణయించుకుంటుంది. ఉదాహరణకు ఈ వివరణ చూడండి:

‘పని స్థితిని మారుస్తుంది.’

ఏ పని? ఏ స్థితికి? ఎవరి అనుమతితో? ఏదీ లేదు. దీన్నే ఇలా రాయొచ్చు:

‘ఒక్క పని స్థితిని మారుస్తుంది. పని నంబరు తప్పనిసరి. పేరుతో వెతికి ఊహించవద్దు. పని జరిగినట్టు ఇంజినీరు ధ్రువీకరించాకే “పూర్తి” అని పెట్టాలి. వేరే శాఖకు పంపాలంటే ఇది కాదు, “బదిలీ” టూల్ వాడాలి. స్థితి మారగానే అర్జీదారుకు మెసేజ్ వెళ్తుంది, వెనక్కి తీసుకోలేం. కాబట్టి ముందుగా అధికారి అనుమతి అడగాలి.’

ఇందులో ‘పూర్తి’ అనే మాటకు అర్థం చెప్పడమే కీలకం. మూలవాగు వంతెన నుంచి రాజన్న ఆలయం వైపు రోడ్డు విస్తరణనే తీసుకుందాం. ఇలాంటి పనిలో పరిహారం, కరెంటు స్తంభాలు, డ్రైనేజీ ఒక్కోటి ఒక్కో శాఖ చూస్తుంది. స్తంభాలు మార్చడం అయిందని మొత్తం పనినే ‘పూర్తి’ చేసేస్తే, పరిహారం కోసం ఎదురుచూస్తున్న ఇంటి యజమాని ఫైలు కూడా మూతపడుతుంది.

తరచూ మరిచిపోయేవి

ఊరి పేరు: ఇంగ్లిష్‌లో ఒకే ఊరిని రెండు మూడు రకాలుగా రాస్తారు. పేరుకు బదులు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ‘లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ’లోని కోడ్ అడగాలి.

తేదీ: 05-06-2025 అంటే మనకు జూన్ 5. అమెరికా పద్ధతిలో మే 6. ఏది ముందు రాయాలో వివరణలో ఉండాలి.

జాబితా పరిమితి: టూల్ ఒకసారికి 20 పనులే చూపిస్తే ఆ సంగతి రాయాలి. లేకుంటే 50 పెండింగ్‌లో ఉన్నా ‘20 ఉన్నాయి’ అని ఏజెంట్ చెప్పేస్తుంది.

ఖాళీ ఫలితం: ఏమీ రాకపోతే పనులు లేవని అర్థమా, చూసే అనుమతి లేదని అర్థమా? రెండింటికీ వేర్వేరు జవాబు రావాలి.

వివరణ ఒక్కటే చాలదు

‘తొలగించవద్దు’ అని రాయడం బోర్డు పెట్టడం లాంటిది, తాళం కాదు. రికార్డులు తొలగించే అధికారం ఏజెంట్‌కు ఉండకూడదనుకుంటే సాఫ్ట్‌వేర్‌లోనే ఇవ్వకూడదు. ఎవరి తరఫున, ఎప్పుడు, ఏం మార్చిందో రికార్డు కావాలి.

వివరణ బాగుందో లేదో తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నిన్ననే చేరిన ఉద్యోగికి ఆ కాగితం ఒక్కటే ఇవ్వండి. ఎవరినీ అడగకుండా సరైన పని చేయగలిగితే అది ఏజెంట్‌కు కూడా పనికొచ్చే అవకాశం ఎక్కువ.

మనం ఏం చేయాలి?

ఫోన్‌లో అర్జీ పెట్టినా, సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా ఊరితో పాటు మండలం, జిల్లా పేర్లు రాయండి. అర్జీ నంబరు దాచుకోండి. పని కాకుండానే ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తే, స్క్రీన్‌షాట్ తీసి అదే నంబరుతో మళ్లీ ఫిర్యాదు చేయండి. స్థితిని మార్చింది మనిషా, యంత్రమా అని అడగండి. ఎవరు మార్చినా జవాబు చెప్పాల్సింది ఆ శాఖే.