సైకిలు ఫోర్కులో గాలి: ఎవరి బరువుకు వారి లెక్క



మా హాస్టలులో చదివి వెళ్లిన ఒక అన్న తన గేరు సైకిలును, దాని చిన్న పంపుతో సహా మాకు ఇచ్చారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్‌కు ట్యూషన్‌కు వెళ్లే వాళ్లం దాన్ని వంతులవారీగా తొక్కుతున్నాం. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ల దగ్గర గుంతలు దాటేటప్పుడు మాలో పెద్దవాళ్లకు హాయిగానే ఉండేది. తొమ్మిదో తరగతి తమ్ముడికి మాత్రం రోజూ మణికట్టు నొప్పి. ఒకరోజు ముందు చక్రం ఎగిరి పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది. "నీకు తొక్కడం రాదురా" అని మేమే కోప్పడ్డాం. తప్పు వాడిది కాదని, మేము కొట్టిన గాలిదని తర్వాత తెలిసింది. అందరికీ పనికొస్తుందని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాం.

ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగమే ఫోర్కు. తక్కువ ధర గేరు సైకిళ్ల ఫోర్కులో ఉక్కు స్ప్రింగు ఉంటుంది, అందులో గాలి కొట్టే పని లేదు. ఖరీదైన వాటిలో స్ప్రింగుకు బదులు గాలే ఉంటుంది. 1989లో అమెరికాలో మొదలైన రాక్‌షాక్స్ సంస్థ తొలి ఫోర్కు కూడా గాలితో, నూనెతో పనిచేసిందే. 1662లో బాయిల్ చెప్పిన సూత్రం మనం చదివిందే: ఉష్ణోగ్రత మారకపోతే, గాలి పరిమాణం సగమైతే పీడనం రెట్టింపవుతుంది. అందుకే ఫోర్కు కుంగేకొద్దీ గాలి మరింత గట్టిగా ఎదురు తోస్తుంది.

గాలి ఎక్కువైతే ఫోర్కు కదలదు, దెబ్బంతా చేతులకు వస్తుంది. తక్కువైతే చిన్న గుంతకే అడుగంటా కుంగి 'టక్'మని కొట్టుకుంటుంది. అందరికీ సరిపోయే ఒకే అంకె లేదు. 68 కిలోల అన్నకు సరిపోయిన గాలి 40 కిలోల తమ్ముడికి రాయిలా ఉంటుంది.

సరిచేసే పద్ధతి ఇది:

1. ఫోర్కుకు లాక్ ఉంటే తీసేయాలి. వాల్వు మూత చాలావాటిలో ఎడమ కాలు పైన ఉంటుంది. కంపెనీ పట్టికలో మన బరువుకు ఉన్న అంకె వరకు మొదట గాలి కొట్టాలి.

2. ఫోర్కు పంపే వాడాలి. పంక్చరు షాపు కంప్రెసరు వద్దు. లోపల చోటు చాలా తక్కువ కాబట్టి క్షణంలో పీడనం హద్దు దాటి, సీళ్లు పాడవుతాయి.

3. పంపు తీసి, హ్యాండిల్‌ను పదిసార్లు నొక్కి వదలాలి. లోపలి రెండు అరల్లో గాలి సర్దుకుంటుంది.

4. పుస్తకాల సంచి తగిలించుకోవాలి. మెరిసే గొట్టం మీది రబ్బరు రింగును కిందికి జరపాలి. ఒకరు సైకిలును పట్టుకుంటే, కుదుపు లేకుండా ఎక్కి, మామూలుగా తొక్కేటట్టు కూర్చుని, మెల్లగా దిగాలి.

5. రింగు ఎంత పైకి జరిగిందో స్కేలుతో కొలవాలి. దీన్నే 'సాగ్' అంటారు. మొత్తం కదలికలో 20 నుంచి 25 శాతం ఉంటే మన రోడ్లకు బాగుంటుంది. అంటే 100 మిల్లీమీటర్ల ఫోర్కుకు 20 నుంచి 25 మిల్లీమీటర్లు. ఎక్కువ కుంగితే కొంచెం గాలి కొట్టాలి, తక్కువ కుంగితే కొంచెం వదలాలి.

పంపు తీసేటప్పుడు వచ్చే 'స్‌స్' శబ్దానికి మేము భయపడేవాళ్లం. అది ఎక్కువగా పంపు గొట్టంలోని గాలే. మళ్లీ తగిలిస్తే ఫోర్కు గాలి కొంత గొట్టంలోకి వస్తుంది కాబట్టి అంకె తగ్గి కనబడుతుంది. ఎండకు గాలి పీడనం పెరుగుతుంది కనుక వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి కొలుచుకోవడం మంచిది.

తమ్ముడి బరువుకు కొలిస్తే సాగ్ 9 మిల్లీమీటర్లే వచ్చింది. గాలి తగ్గించి 22కు తెచ్చాం. మణికట్టు నొప్పి పోయింది. రోజూ గాలి మార్చడం కుదరదు కాబట్టి, దగ్గర దగ్గర బరువున్న వాళ్లకు వారానికొక జట్టుగా వంతులు మార్చుకున్నాం. ఎవరికి ఎంత గాలో కాగితం మీద రాసి, సైకిలు పెట్టే చోట గోడకు అంటించాం.

తమ్ముళ్లారా, నొప్పి పుడితే ఓర్చుకోకండి, చెప్పండి. అన్నలారా, చెప్పినవాణ్ణి తిట్టే ముందు ఒకసారి స్కేలు తీయండి. మేము ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇదే.