కలివికోడి

ఋతువు మారగానే వచ్చి, మరల ఋతువు మారగానే మాయమయ్యే పక్షులు ఎక్కడికి పోతున్నాయన్నది చాలాకాలం అంతుచిక్కని ప్రశ్న. 1899లో డెన్మార్క్ దేశపు ఉపాధ్యాయుడు హాన్స్ మార్టెన్సెన్ గోరువంక జాతి పక్షుల కాళ్లకు అంకెలు చెక్కిన అల్యూమినియం కడియాలు తొడిగి విడిచిపెట్టాడు. ఆ పద్ధతి అనతికాలంలోనే ఇతర దేశాలకు వ్యాపించింది. శరదృతువులో ఇంగ్లండు తూర్పు తీరంలోని స్పర్న్ వంటి చోట్ల పరిశీలకులు సన్నని వలలతో పక్షులను పట్టి, కొలిచి, తూచి, కడియం తొడిగి వదులుతారు. 1911లో ఇంగ్లండులో కడియం తొడిగిన ఒక వానకోవిల 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో దొరికింది. అంత చిన్న పిట్ట అంత దూరం ఎగిరిపోతుందని లోకానికి తెలిసింది. మనదేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సలీం అలీ నాయకత్వంలో ఈ పనిని పెద్ద ఎత్తున చేపట్టింది.

అయితే కడియం తొడగాలంటే పక్షి చేతికి చిక్కాలి. చిక్కిన పక్షి బ్రతకాలి. ఈ రెండింటికీ అవకాశం లేనంత అరుదైన పక్షి ఒకటి కడప జిల్లాలో ఉన్నది. అదే కలివికోడి.

జమ్మలమడుగు సమీపాన గండికోట కొండలను చీల్చుకొని, ప్రొద్దుటూరు ప్రక్కగా సాగే పెన్నానది తూర్పున లంకమల కొండలను చేరుతుంది. ఆ కొండల పాదాల వద్ద ముళ్లపొదలు, వాటి నడుమ ఎర్రని బోడినేల విస్తరించి ఉంటాయి. కలివి పొదల మధ్య తిరుగుతుంది కనుక ఈ పక్షిని స్థానికులు కలివికోడి అన్నారు. ఇది సుమారు 27 సెంటీమీటర్ల పొడవుంటుంది. రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టీలు దీని గుర్తు. పగలు పొదల నీడలో కదలక కూర్చుండి, రాత్రివేళ చెదలను, చీమలను ఏరుకొని తింటుంది.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డాన్ ఈ పక్షిని మొదట శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానిని వర్ణించాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో ఒకరు చూశారు. ఆ తరువాత ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు. సలీం అలీ వెదికినా ఫలితం లేకపోయింది. ఈ జాతి అంతరించిందనే పలువురు భావించారు.

1980లలో బొంబాయి సొసైటీకి చెందిన భరత్ భూషణ్ మరొక మార్గం ఎంచుకున్నారు. పక్షి బొమ్మను పల్లెల్లోని వేటగాళ్లకు, పశువుల కాపరులకు చూపించి అడిగారు. గ్రంథాలు లేదన్న పక్షిని వారు గుర్తుపట్టారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతపు వేటగాడు ఒకడు రాత్రివేళ దీపపు వెలుగులో ఒక కలివికోడిని సజీవంగా పట్టి తెచ్చాడు. వార్త తెలిసిన వెంటనే వృద్ధుడైన సలీం అలీ బయలుదేరారు. కాని ఆయన చేరేలోపే ఆ పక్షి మరణించింది. ఒక జాతి బ్రతికి ఉన్నదని తెలిపిన ప్రాణి చేతుల్లోనే ప్రాణం విడిచింది.

ఈ సంఘటన పరిశోధకులకు ఒక పాఠం నేర్పింది. పట్టకుండానే పక్షిని తెలుసుకోవాలి. అందుకు వారు మూడు ఉపాయాలు అనుసరించారు. పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి అడుగుజాడలు పరిశీలించారు. దారిలో తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు అమర్చారు. మునిమాపు వేళ పక్షి కూతను రికార్డు చేసి, దానిని మరొకచోట వినిపించి, బదులు వస్తుందేమో ఆలకించారు. కాలికి కడియం తొడగకుండానే దాని ఉనికిని ఇలా గుర్తించారు.

ఈ పరిశీలనలో ఒక ముఖ్య విషయం తేలింది. కలివికోడికి మరీ దట్టమైన అడవి సరిపడదు. మరీ పలుచని మైదానమూ సరిపడదు. పొదలూ బోడినేలా కలిసి ఉండాలి. వంటచెరకు కోసం పొదలు నరికినా, నేలను చదునుచేసి పొలంగా మార్చినా దానికి నిలువనీడ ఉండదు. అలాగని పశువులను పూర్తిగా మళ్లిస్తే పొదలు కమ్ముకొని నేల మూసుకుపోతుంది. కనుక దీని రక్షణ కంచె వేయడంతో తీరే పని కాదు. చుట్టూ ఉన్న పల్లెల జీవనంతో ముడిపడిన పని.

1988లో ప్రభుత్వం సుమారు 464 చదరపు కిలోమీటర్లలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యాన్ని ఏర్పరచింది. అదే ఏడు ఈ పక్షి చిత్రంతో తపాలాబిళ్ల వెలువడింది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు దీని ఆవాసం మీదుగా సాగినప్పుడు పరిశోధకులు ఆందోళన తెలిపారు. అనంతరం కాలువ దారి మార్చారు. సాగునీరు రాయలసీమ రైతుకు ప్రాణావసరం. కలివికోడికి ఆ పొదలు కూడా అంతే. రెండింటికీ చోటు దొరకడానికి కాలువను కొంత మళ్లించడమే చాలింది.

ఎనభై ఏళ్లు పండితులకు కనబడని పక్షిని కాపరి ఎరిగి ఉన్నాడు. అతని మాట అడిగినందువల్లనే అది తిరిగి దొరికింది. ఇకముందు అది నిలవడం కూడా ఆ కొండల పాదాల వద్ద నివసించే ప్రజలపైనే ఆధారపడి ఉన్నది.