పాదరసం ఆవిరిని పట్టే యంత్రం

పాదరసం సుమారు 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. బంగారం 1064 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడం మీద ఆధారపడి పనిచేసే పాత యంత్రం ఒకటుంది. దాని పేరు రిటార్టు. గట్టిగా మూత బిగించిన ఇనప పాత్ర, అందులోంచి బయటికొచ్చి కిందికి వంగిన గొట్టం, గొట్టం చుట్టూ చన్నీళ్లు. చూడటానికి ఇంతే. కానీ ఈ రోజు జింకు కర్మాగారాల్లోనూ సహజవాయువు ప్లాంట్లలోనూ పాదరసం ఆవిరిని పట్టే పెద్దపెద్ద స్తంభాలు, తొట్లు అన్నీ ఈ పాత్ర చేయలేకపోయిన పనిని పూర్తి చేయడానికి పుట్టినవే.

ఈ కథలో మన ప్రాంతానికి వాటా ఉంది. కర్ణాటకలోని గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి 2007 దాకా కోలారు జిల్లాలోనే ఉండేవి. ఆ జిల్లాలో మట్టి కడిగి బంగారం తీస్తున్న పల్లెవాళ్లను లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో చూసి రాసిపెట్టాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చాక అక్కడ పెద్ద ఎత్తున గనులు లేచాయి. మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం. ఆ చివరిది చిక్కబళ్లాపురం దగ్గరి నంది కొండ పేరు పెట్టుకున్న గని. పనిలోకి దిగినవాళ్లలో తమిళులతో పాటు చిత్తూరు వైపు నుంచి, కోలారు పల్లెల నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. గని లోతు గురించి, పేలిన రాళ్ల గురించి, ఊపిరితిత్తుల్లో చేరిన రాతిధూళి గురించి చాలామంది చెప్పారు. పైన మిల్లులో పాదరసంతో పనిచేసినవాళ్ల గురించి అంతగా చెప్పుకోలేదు.

మిల్లులో జరిగేది ఇదీ. గనిలోంచి వచ్చిన రాయిని బరువైన ఇనప రోకళ్ల కింద నీళ్లతో కలిపి పిండి చేస్తారు. ఆ బురదనీరు ఏటవాలుగా పరిచిన రాగిరేకుల మీద పారుతుంది. రేకుల మీద పాదరసం పూసి ఉంటుంది. బంగారపు రేణువు తగలగానే పాదరసం దాన్ని పట్టుకుంటుంది. రాతిపిండి కిందికి పోతుంది. కొంతసేపటికి రేకు మీద తెల్లటి వెన్నలాంటి ముద్ద పేరుకుంటుంది. అదే అమాల్గం. దాన్ని గీకి, కడిగి, తోలులోనో మందపాటి కాన్వాసు గుడ్డలోనో వేసి పిండితే అదనంగా ఉన్న పాదరసం కారిపోతుంది. మిగిలిన గట్టి ఉండలో బంగారం మూడో వంతుకు అటూఇటూగా ఉంటుంది. ఇక మిగతా పాదరసాన్ని వదిలించడానికి మిల్లులు పట్టిన దారి వేడి చేయడం.

రిటార్టును నడపడం చేతనైనవాళ్ల పని. లోపలి గోడలకు సుద్దనీళ్లు పూయాలి, లేకపోతే బంగారం ఇనుముకు అంటుకుపోతుంది. పాత్రను నిండా నింపకూడదు. మూత అంచుకు బంకమన్ను మెత్తి మరలు బిగించాలి. నిప్పు మెల్లగా రాజేసి, చివర్లో పాత్ర ఎర్రబడేదాకా పెంచాలి. ఆవిరి గొట్టంలోకి వెళ్లి, చల్లబడి, చుక్కలుగా కింద పెట్టిన నీళ్లతొట్టిలో రాలుతుంది.

అన్నిటికన్నా సున్నితమైన చోటు గొట్టం కొస. దాన్ని నీళ్లలో ముంచామా, నిప్పు కాస్త తగ్గగానే పాత్రలోని ఆవిరి కుంచించుకుపోయి తొట్టిలోని నీళ్లను పైకి లాగేస్తుంది. ఎర్రగా కాలిన ఇనుము మీద నీళ్లు పడితే పాత్ర పేలుతుంది. అలాగని కొసను గాలిలో వదిలేస్తే చల్లబడని ఆవిరి మనుషుల మొహం మీదికి వస్తుంది. అందుకని కొస నీటిమట్టానికి కొంచెం పైన ఉండాలి, దాని చుట్టూ తడిగుడ్డ సంచి కట్టి సంచి అంచు నీళ్లలో ఆడుతూ ఉండాలి. నీళ్లు పైకి లాగబడితే గుడ్డ పక్కనుంచి గాలి చొరబడుతుంది, పేలుడు తప్పుతుంది. ఆవిరి తప్పించుకోబోతే తడిగుడ్డ ఆపుతుంది. గనుల పాఠ్యపుస్తకాలు ఈ ఒక్క జాగ్రత్తను పదేపదే చెప్పేవి.

ఈ ఆలోచన ఒక్క ఐరోపాది కాదు. మన రసశాస్త్ర గ్రంథాల్లో పాతన యంత్రాలున్నాయి. రెండు కుండలను మూతికి మూతి కలిపి, అతుకును మట్టిగుడ్డతో చుట్టి, కింద పాదరసపు ఖనిజమైన ఇంగిలీకం పెట్టి మంట వేస్తే పై కుండ అడుగున పాదరసం చేరుతుంది. ఆ పై కుండ మీద తడిగుడ్డ వేసి చల్లగా ఉంచుతారు. అది డమరు యంత్రం. ఆవిరిని పక్కకు మళ్లించి వేరే కుండలో చల్లార్చేది తిర్యక్పాతన యంత్రం. కోలారు మిల్లులోని రిటార్టు పనిచేసే సూత్రం సరిగ్గా ఇదే.

ఇన్ని వందల ఏళ్లూ ఈ యంత్రాన్ని నడిపినవాళ్లు చూసుకున్నది పాదరసం ఎంత తిరిగి వచ్చిందన్నదే. అది ఖరీదైన సరుకు. వేసినదాంట్లో చాలామటుకు వెనక్కి వస్తే పని బాగా జరిగినట్టు లెక్క. వెనక్కి రానిదాని సంగతి వేరే లెక్కలోకి ఎక్కలేదు.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. పాదరసం మరగకుండానే ఆవిరవుతూ ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర పాదరసాన్ని తాకుతున్న ఘనమీటరు గాలి సుమారు 13 మిల్లీగ్రాముల ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీలకు అది సుమారు 30 మిల్లీగ్రాములు. కార్మికులు రోజుకు 8 గంటలు పీల్చే గాలిలో ఉండొచ్చని నిపుణులు పెట్టిన హద్దు 0.025 మిల్లీగ్రాములు. అంటే గొట్టాన్ని 30 డిగ్రీల నీళ్లతో ఎంత బాగా చల్లార్చినా, కొసలోంచి వచ్చే గాలిలో హద్దుకు 1200 రెట్లు పాదరసం ఉంటుంది. మంచుగడ్డలు పోసి సున్నా డిగ్రీలకు దించినా ఇంకా 80 రెట్లకు పైగా మిగులుతుంది. చల్లార్చడమనే ఉపాయానికి ఇది ప్రకృతి గీసిన గీత. ఇంకా పొడుగైన గొట్టం పెట్టినంత మాత్రాన దాన్ని దాటలేం.

ఆ మిగిలిన ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. పాదరసపు చుక్కను మింగితే దాదాపు అంతా బయటికే పోతుంది గానీ, ఆవిరిని పీలిస్తే సుమారు 80 శాతం ఊపిరితిత్తుల గుండా రక్తంలో చేరుతుంది, అక్కడి నుంచి మెదడుకు వెళ్తుంది. చేతులు వణకడం, చిగుళ్లు వాయడం, మతిమరుపు, ఉన్నట్టుండి చిరాకు, మనుషులకు జంకడం దాని గుర్తులు. ఇవి మెల్లగా వస్తాయి. వయసనీ తాగుడనీ అలసటనీ తోసిపుచ్చడం తేలిక.

ఈ మాటను ప్రపంచం చెవిన వేసినవాడు ఆల్ఫ్రెడ్ స్టాక్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. గాలి తగలని గాజు గొట్టాల్లో, పాదరసపు కవాటాలతో, ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. తలనొప్పులు, వినికిడి మందగించడం, జ్ఞాపకశక్తి పోవడం ఆయన్ను ఇరవై ఏళ్లకు పైగా పీడించాయి. వైద్యులకు కారణం దొరకలేదు. చివరికి తన ప్రయోగశాల గాలే తనను తినేస్తోందని గ్రహించి, 1926లో పాదరసం ఆవిరి ప్రమాదం మీద వ్యాసం ప్రచురించాడు. తన జబ్బు వివరాలనే సాక్ష్యంగా పెట్టాడు. పేరున్న శాస్త్రవేత్త తన మతిమరుపును అందరి ముందూ పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! పాదరసం ఆవిరి చరిత్రను నేను స్టాక్‌కు ముందు, స్టాక్ తర్వాత అని రెండుగా చూస్తాను. ఆయన తర్వాతే ఎంత తిరిగి వచ్చిందన్న ప్రశ్న పక్కన, గాలిలో ఎంత మిగిలిందన్న ప్రశ్న చోటు సంపాదించుకుంది.

మిగిలిందెంతో తెలియాలంటే ముందు అది కనపడాలి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ అప్పట్లో నీటి ఆవిరితో పాటు పాదరసం ఆవిరితోనూ టర్బైన్లు తిప్పే విద్యుత్ కేంద్రాలు కట్టేది. అక్కడి టి. టి. వుడ్సన్ 1939లో ఒక పరికరాన్ని వివరించాడు. పాదరసం పరమాణువు 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని గట్టిగా మింగేస్తుంది. ఆ కాంతినిచ్చే దీపాన్ని ఒక పక్క, కాంతిని కొలిచే కన్నును మరో పక్క పెట్టి మధ్యలోంచి గాలిని పోనిస్తే, కాంతి తగ్గినంత మేరా పాదరసం ఉన్నట్టు. ఇదే సూత్రంతో ఇంకోటి కంటితోనే చూడొచ్చు. ఆ కాంతి పడితే ఆకుపచ్చగా వెలిగే తెర ముందు గది వేడిలో ఉన్న పాదరసపు సీసా మూత తీస్తే, తెర మీద నల్లటి పొగ నీడ సుడులు తిరుగుతూ పైకి లేస్తుంది. సీసా పైన మామూలు కంటికి ఏమీ ఉండదు. ఆ నీడను ఒక్కసారి చూసినవాళ్లకు ఇక ఉపన్యాసం అవసరం లేదు.

కనపడ్డాక పట్టే పని. చల్లార్చడం ఆగిపోయిన చోట రసాయన బంధం మొదలవ్వాలి. పాదరసానికి గంధకమంటే విపరీతమైన ఆకర్షణ. కల్వంలో రెండూ వేసి నూరితే నల్లటి కజ్జలి తయారవుతుందని మన వైద్యులకు ఎప్పుడో తెలుసు. ఇంజనీర్లు చేసిందల్లా కొబ్బరి చిప్పల బొగ్గులాంటి సూక్ష్మరంధ్రాల బొగ్గులో గంధకాన్ని నింపి, ఆ గుళికలను తొట్టిలో పోసి, వాయువును వాటి గుండా నడపడం. చల్లార్చగా మిగిలిన ఆవిరి బొగ్గు రంధ్రాల్లో పాదరస సల్ఫైడుగా మారి ఘనపదార్థమై ఉండిపోతుంది.

ఈ బొగ్గు తొట్ల విలువ పరిశ్రమకు గట్టిగా తెలిసొచ్చింది అల్జీరియాలో. 1973లో స్కిక్డా అనే ఊళ్లో సహజవాయువును ద్రవంగా మార్చే ప్లాంటులో అల్యూమినియం ఉష్ణవినిమయకం పాడైపోయింది. కారణం వెతికితే వాయువులో అతి స్వల్పంగా ఉన్న పాదరసం. చలికి అది లోహం మీద చేరి, అల్యూమినియానికి రక్షణగా ఉండే ఆక్సైడు పొర తెగిన చోటల్లా లోపలికి దిగి లోహాన్ని పెళుసు చేసింది. అప్పటి నుంచి ఇలాంటి ప్లాంట్లలో వాయువు ముందుగా పాదరసాన్ని పట్టే తొట్టి దాటాకే చల్లటి భాగంలోకి వెళ్లడం ఆనవాయితీ అయింది. మనుషుల ఊపిరి కోసం నెమ్మదిగా నడిచిన పని యంత్రం విరిగేసరికి పరుగందుకుంది. ఈ విషయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఈ వంశంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది నార్వేలో ఓడ్డా జింకు కర్మాగారంలో 1972లో నడక మొదలుపెట్టిన పద్ధతి. విశాఖపట్నంలో 1977 నుంచి 2012 దాకా నడిచిన జింకు స్మెల్టరు మనవాళ్లకు తెలుసు. అలాంటి చోట జింకు సల్ఫైడు ఖనిజాన్ని 900 డిగ్రీలకు పైబడిన వేడిలో వేయిస్తే వచ్చే గంధక వాయువుతో సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేస్తారు. ఖనిజంలో పాదరసం ఉంటే అది వాయువుతో పాటు ఆమ్లంలోకి, ఆమ్లంతో పాటు ఎరువుల్లోకి చేరుతుంది. ఓడ్డాలో ఏం చేశారంటే, వాయువును కడిగి, చల్లార్చి, పొడవైన స్తంభంలోకి పంపి, పైనుంచి మెర్క్యూరిక్ క్లోరైడు ద్రావణాన్ని వాన కురిసినట్టు కురిపించారు. ఆ ద్రావణంలో ఉన్నదీ పాదరసమే. అది ఆవిరిలోని పాదరసం పరమాణువుతో కలిసి కాలోమెల్ అనే తెల్లటి, నీళ్లలో కరగని పొడిగా మారి అడుక్కు దిగుతుంది. ఆ పొడిలో కొంత భాగాన్ని క్లోరిన్‌తో కలిపితే మళ్లీ మెర్క్యూరిక్ క్లోరైడు వస్తుంది. దాన్ని తిరిగి స్తంభం పైకి పంపుతారు. పట్టుబడ్డ పాదరసమే తర్వాతి పాదరసాన్ని పట్టే మందు. మిగతా కాలోమెల్‌ను అలాగే తీసుకోవచ్చు, విద్యుత్తుతో విడగొట్టి లోహంగానూ తీయవచ్చు. ఆమ్లంలో పాదరసం పది లక్షల పాళ్లలో ఒక పాలు కన్నా తక్కువకు దిగుతుంది.

బొగ్గు విద్యుత్ కేంద్రాల సంగతి వేరు. అక్కడి పొగలో పాదరసం మరీ పల్చన, పొగ మరీ ఎక్కువ. తిరిగి సంపాదించడమనే మాటకు అక్కడ అర్థం లేదు, తొలగించడమే. చిక్కు ఇంకోటి ఉంది. క్లోరిన్‌తో కలిసిన పాదరసం నీళ్లలో కరుగుతుంది కాబట్టి గంధకాన్ని కడిగే స్తంభంలోనే దిగిపోతుంది. ఒంటరి పరమాణువుగా ఉన్నది అందులోంచి జారిపోతుంది. బ్రోమిన్ పట్టించిన బొగ్గుపొడిని పొగలోకి చల్లేది ఆ ఒంటరి పరమాణువు కోసమే. మన దేశం 2015 డిసెంబరులో ఈ కేంద్రాలకు ఘనమీటరుకు 0.03 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని 2018 జూన్‌లో ఆమోదించింది. ఆ ఒప్పందానికి పేరిచ్చిన మినమాటా అనే జపాను ఊళ్లో ప్రాణాలు తీసింది ఆవిరి కాదు, మురుగునీటితో చేపల్లో చేరిన మిథైల్ పాదరసం. కానీ పొగగొట్టంలోంచి లేచిన ఆవిరి నెలల తరబడి గాలిలో తిరిగి, ఎక్కడో వానతో చెరువులో పడి, అడుగు బురదలోని సూక్ష్మజీవుల చేత అదే మిథైల్ పాదరసంగా మారగలదు. కాబట్టి ఒప్పందం బొగ్గు కేంద్రాలు, జింకు, సీసం, రాగి, బంగారం కర్మాగారాలు, సిమెంటు బట్టీలు, చెత్త కాల్చే కొలుములు అన్నిటినీ లెక్కలోకి తీసుకుంది.

బంగారం పేరు ఆ జాబితాలో ఉందంటే కోలారు మళ్లీ ముందుకొస్తుంది. 19వ శతాబ్దం చివర్లో బంగారాన్ని సైనైడుతో కరిగించి తీసే పద్ధతి వచ్చాక పాదరసం వాటా తగ్గింది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సైనైడుతో కడిగిన రాతిపిండి గుట్టలు మాత్రం ఊరి మధ్య నిలిచే ఉన్నాయి. 13 గుట్టల్లో సుమారు 3.3 కోట్ల టన్నుల పిండి. అందులో మిగిలిన బంగారం కోసం వాటిని మళ్లీ తవ్వే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది.

ఇక్కడ రసాయనం ఒకటి గుర్తుంచుకోవాలి. రాగిరేకుల మీద పాదరసం కొంత నుసిగా విడిపోయి బురదనీటితో కొట్టుకుపోవడం ఆ పద్ధతి ఉన్న ప్రతి మిల్లులోనూ జరిగేదే. సైనైడు బంగారంతో పాటు పాదరసాన్నీ కొంత కరిగిస్తుంది. రెండూ కలిసి, బంగారాన్ని పట్టడానికి వేసే బొగ్గు గుళికలకు అంటుకుంటాయి. ఆ బొగ్గును తిరిగి కాల్చే కొలిమిలో, బంగారాన్ని కరిగించే మూసలో పాదరసం మళ్లీ ఆవిరవుతుంది. అమెరికాలోని నెవాడాలో ఖనిజంలోనే పాదరసం ఉన్న గనులకు ఈ అనుభవం బాగా ఉంది. ఆ రాష్ట్రం 2006లో గట్టి నిబంధనలు తెచ్చింది. అక్కడ బంగారపు బురదను కరిగించే ముందు మూసిన రిటార్టులో గంటల తరబడి వేడిచేసి, గాలిని పంపుతో లాగి, చల్లార్చి, చివరగా గంధకపు బొగ్గు తొట్టి దాటించాకే బయటికి వదులుతారు. పాత ఇనప పాత్ర ఇంకా బతికే ఉంది. దాని గొట్టం కొసకు తడిగుడ్డ బదులు బొగ్గు తొట్టి వచ్చింది, తొట్టి చివర పాదరసాన్ని కొలిచే కన్ను వచ్చింది.

కోలారు గనుల దగ్గరి మారికుప్పం, ఊరిగాం గుట్టల మీద యంత్రాలు దిగే ముందు ప్రతి గుట్టలోనూ పాదరసం ఎంతుందో లోతుల వారీగా మట్టి తీసి కొలవాలి. ఉందని తేలితే రిటార్టు, చల్లార్చే గది, గంధకపు బొగ్గు, గాలిని ఎడతెగకుండా కొలిచే పరికరం మొదటి నమూనా పటంలోనే ఉండాలి. ఆ కొలతలు కన్నడంలోనూ తమిళంలోనూ తెలుగులోనూ అక్కడివాళ్లకు చదువుకునే వీలుగా గేటు దగ్గర రోజూ కనపడాలి. మూస దగ్గర నిలబడబోయే కార్మికుల ఆరోగ్య పరీక్ష కూడా పని మొదలైన మొదటి రోజు నుంచే జరగాలి.