గాదెలోని గింజయు శ్వాసించును

గాదెలోని గింజ నిర్జీవము కాదు. అది ప్రాణవాయువును పీల్చి, బొగ్గుపులుసుగాలిని విడుచుచు, తనలోని ఆహారమును వ్యయపఱచుకొనుచుండును. వరిగింజ పిండిపదార్థమును వాడునపుడు పీల్చినంత గాలినే విడుచును; వేరుసెనగ నూనెను వాడునపుడు 10 పాళ్లు పీల్చి సుమారు 7 పాళ్లే విడుచును.

ఈ శ్వాసవేగమును ఇంటనే పోల్చి చూడవచ్చును. వడ్లను రెండు సమభాగములు చేసి, ఒక భాగమును రాత్రి నానబెట్టి వార్చి, వేర్వేరు సీసాలలో నుంచుడు. ప్రతి సీసాలోను సున్నపుతేట గల చిన్నగిన్నె నమర్చి మూత బిగింపుడు. నానిన వడ్ల సీసాలోని తేటయే ముందుగా పాలవలె తెల్లబడును.

తడిగింజ గాదెలోను ఇట్లే వేగముగ శ్వాసించి వేడెక్కును, బూజు పట్టును, తూకము తగ్గును, మొలకశక్తి నశించును. కావున తేమ నూటికి 14 పాళ్లకు మించకుండ వడ్ల నారబెట్టిన పిదపనే గాదెలో పోయవలెను.