సున్నా టికెట్టు, నిండు డ్యూటీ

ఉద్యోగాల్లో ఒత్తిడి మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం సాయంత్రానికల్లా కాపీ బల్ల మీద ఉండాలి అన్నారు ఎడిటర్. ఆర్ట్ విభాగం వాళ్లు అప్పటికే బొమ్మ అనుకుని పెట్టుకున్నారు: గచ్చిబౌలి అద్దాల మేడ, ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్న కుర్రాడు. ఆ కుర్రాడి కష్టం అబద్ధమని అనను. అతని గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, అంతే. నా హ్యాండ్‌బ్యాగులో ఇంకో ఒత్తిడి తాలూకు కాగితాలు నలిగి పడి ఉన్నాయి. ఆర్టీసీ జీరో టికెట్లు. కాలేజీ చదువంతా బస్ పాస్ మీద గడిపినదాన్ని, ఆర్టీసీ మీద నాకు పక్షపాతం ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

జీరో టికెట్టు వేలెడంత ముక్క. ఎక్కడెక్కామో, ఎక్కడ దిగుతామో, తేదీ, టైమూ అన్నీ ఉంటాయి. కట్టాల్సిన డబ్బు మాత్రం సున్నా. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, హైదరాబాద్‌లోనైతే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడపిల్లలకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. మొదటి వారం టికెట్టూ లేదు, గుర్తింపు కార్డూ లేదు. ఎక్కి కూర్చోవడమే. డిసెంబరు 15 నుంచి ఈ ముక్క వచ్చింది.

డబ్బే తీసుకోనప్పుడు టికెట్టెందుకు అని చాలామంది అడుగుతారు. ఉచితం మనకే. మన ఛార్జీ ఎంతయ్యేదో లెక్కగట్టి ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి, ఆ లెక్కకు ఈ ముక్కే ఆధారం. టికెట్టు కొట్టకపోతే సంస్థ రాబడి పోయినట్టు, ఎక్కని మనిషి పేరిట కొడితే మోసం చేసినట్టు. రెండింటికీ జవాబు చెప్పుకోవాల్సింది కండక్టరే. జీరో టికెట్టు తీసుకోని మహిళకు 500 రూపాయల జరిమానా అని సంస్థ ప్రకటించింది. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు టికెట్టు లేని మనిషి ఒక్కరు కనబడినా, ముందు విచారణ మొదలయ్యేది కండక్టర్‌తోనే.

ఇది కాగితం మీద సులువుగానే ఉంటుంది. జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో సిద్దిపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అసలు సంగతి తెలుస్తుంది. నేనెక్కిన రోజు నిలబడ్డవాళ్లే ముప్పై మందికి తక్కువ లేరు. కండక్టరు ఒక మహిళ, నలభై దాటి ఉంటాయి. మెడలో టికెట్లు కొట్టే టిమ్ మిషను, చంకలో క్యాష్ బ్యాగు, ఒక చేయి పైనున్న కమ్మీకి. అంటే పనికి మిగిలింది ఒక్క చెయ్యే. ఆ చేత్తోనే కార్డు అందుకుని, ఫొటోకీ ముఖానికీ పోలిక చూసుకుని, తెలంగాణ అడ్రసేనా కాదా చూసి, స్టేజీ నొక్కి, ముక్క చింపి ఇవ్వాలి. ఈలోగా మరొకరికి వంద నోటుకు చిల్లర ఇవ్వాలి.

“ఫోన్ల ఉన్నది బిడ్డా, సూడు” అంటూ ఒక పెద్దావిడ మనవరాలి ఫోను చూపించింది.

“ఫోన్లది నడ్వదమ్మా, అసలు కార్డు గావాలె.”

పెద్దావిడ సంచి విప్పింది. అందులో ఇంకో సంచి, దాంట్లో మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు. కార్డు బయటికొచ్చేసరికి తూంకుంట దాటిపోయింది. వెనక సీటులో ఇంకొకావిడ కార్డు మీద కర్నూలు అడ్రసు. ఇక్కడే ఉద్యోగం చేస్తున్నా, ఇక్కడే అద్దె కడుతున్నా టికెట్టు కొనాల్సిందే. పక్కావిడకు సున్నా, తనకు పూర్తి ఛార్జీ. ఆ కోపమంతా ఆమె చూపించగలిగింది ఎదురుగా ఉన్న ఖాకీ చొక్కా మీదే.

ఆర్టీసీలో పాత రూలు ఒకటి ఉంది, ‘ఇష్యూ అండ్ స్టార్ట్’ అంటారు. ఎక్కినవాళ్లందరికీ టికెట్లిచ్చాకే బస్సు కదలాలి. ఆ రూలు అక్షరాలా పాటిస్తే ఆ సిద్దిపేట బస్సు శామీర్‌పేట దాటేసరికే వెనక బస్సు వచ్చి కలిసేది. పాటించకపోతే మధ్యలో చెకింగ్ భయం. డ్రైవరుకు టైము, కండక్టరుకు టికెట్టు, ఇద్దరికీ మధ్య విజిలు. ప్రజ్ఞాపూర్ దగ్గర రద్దీ తగ్గాక కండక్టరు ఇంజను మీద కాస్త ఆనుకుని, “చిల్లర లొల్లి తగ్గింది మేడం, గీ కార్డుల లొల్లి షురువైంది” అంది. నవ్వుతూనే అంది.

ఆమె మాటకు ఒక అధికారిక సాక్ష్యం కూడా ఉంది. నాకు మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఆసక్తి కలిగించింది అదే. హైదరాబాద్ సిటీ బస్సుల్లో టీ-6, ఎఫ్-24 అని రెండు రాయితీ టికెట్లు ఉండేవి. మొదటిది మహిళలకు, పెద్దవాళ్లకు పగలు ఆరు గంటలపాటు తిరగడానికి 50 రూపాయలకు. రెండోది సెలవు రోజుల్లో కుటుంబానికి 300 రూపాయలకు. 2024 జనవరి 1 నుంచి ఆ రెండూ ఆపేశారు. గిరాకీ లేక కాదు. ఆ టికెట్లకు కండక్టరు గుర్తింపు కార్డులు చూడాలి, వయసు నమోదు చేయాలి, మహాలక్ష్మి రద్దీలో దానికి టైము పట్టి ప్రయాణికులకు ఆలస్యమవుతోందని సంస్థే చెప్పింది. అంటే కార్డు చూడ్డానికి టైము పడుతుందని, ఆ టైము కండక్టర్ దగ్గర లేదని సంస్థ లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్టే కదా! కోత మాత్రం పాత టికెట్లకు పడింది. కొత్త కార్డు తనిఖీ అలాగే ఉంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 2025 జులైలో 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని డిపోల్లో సంబరాలు చేశారు. పథకం మొదలైన రోజు నుంచి చూస్తే రోజుకు సగటున 33 లక్షల పైమాటే. ఒక్కో టికెట్టుకు కార్డు చూసి చింపి ఇవ్వడానికి పది సెకన్లే అనుకుందాం (పెద్దావిడ సంచిని లెక్కలోంచి తీసేసి). రోజూ 9 వేల గంటలకు పైగా పని. ఎనిమిది గంటల డ్యూటీ చొప్పున 1,100 మందికి పైగా కండక్టర్లు పొద్దస్తమానం ఆ పనే చేస్తున్నట్టు. అందులో సగం పథకం లేకపోయినా జరిగే ప్రయాణాలే అనుకున్నా, మిగతా సగం కొత్త పనే. పథకం మంచిదా కాదా అన్న వాదన నాది కాదు. కూలికి, చదువుకు, ఆసుపత్రికి ఆడవాళ్లు లెక్క చూసుకోకుండా బయల్దేరుతున్నారు, అది నాకు సంతోషం. నా అనుమానమల్లా సంబరాల లెక్కల మీదే. ప్రయాణాలు ఎన్నో చెప్పారు, ఆదా ఎంతో చెప్పారు. ఆ టికెట్లు చింపిన చేతులు పెరిగాయా తగ్గాయా చెప్పలేదు.

తగ్గాయి. 2019లో సమ్మె జరిగేనాటికి తెలంగాణ ఆర్టీసీలో మొత్తం సిబ్బంది సుమారు 48 వేల మంది. 2023 ఆగస్టులో ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేసే బిల్లు శాసనసభకు వచ్చినప్పుడు ఆ సంఖ్య 43,373. రద్దీ పెరిగింది ఆ తర్వాత. 2025 సెప్టెంబరులో 1,000 డ్రైవర్, 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అందులో కండక్టర్లు లేరు.

చరిత్ర కూడా ఓ ముక్క రాయమన్నారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1932లో నిజాం రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలు. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ. రాష్ట్రం విడిపోయాక సంస్థా రెండయింది. తెలంగాణలో 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజుల సమ్మె. రోజుకు డ్రైవరుకు 1,500, కండక్టరుకు 1,000 ఇచ్చి తాత్కాలికంగా బయటివాళ్లతో బస్సులు నడిపారు. సమ్మె విరమించి డ్యూటీ ఎక్కిన నాలుగు నెలలకే లాక్‌డౌన్. 2020 మార్చి 22న ఆగిన చక్రాలు జిల్లాల్లో మే 19న కదిలితే, హైదరాబాద్‌లో సెప్టెంబరు 25 దాకా కదల్లేదు. ఆ వెంటనే డీజిల్ ధరలు. ఆ తర్వాత మహాలక్ష్మి.

ఈ వరసలో నన్ను ఆపింది సమ్మె తర్వాత తీసుకున్న ఒక నిర్ణయం. యూనియన్లను పక్కనబెట్టి, డిపోల్లో వెల్ఫేర్ కమిటీలు పెట్టారు. యూనియన్ల మీద ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. కానీ లాక్‌డౌన్, డీజిల్ ధరలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడిన కాలంలో, డిపో మేనేజరు ఎదుట కూర్చుని ఇది మా వల్ల కాదని చెప్పే మనిషి లేకుండా పోయాడు. 2025 మేలో వ్యవహారం మళ్లీ సమ్మె దాకా వెళ్లింది. మంత్రితో చర్చల తర్వాత వాయిదా పడింది.

చట్టంలో ఏముండేది?

బస్సు సిబ్బందికి 2025 నవంబరు దాకా 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం వర్తించేది. రోజుకు 8 గంటలు, వారానికి 48. దూర ప్రయాణాలకు, పండగ రద్దీకి రోజుకు 10 గంటల దాకా సడలింపు. అయిదు గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. డ్యూటీ మధ్యలో ఖాళీలన్నీ కలుపుకున్నా మొత్తం 12 గంటలు మించకూడదని ఉండేది. ట్రాఫిక్‌లో ఆలస్యమైన బస్సు చివరి స్టాపులో పోగొట్టుకునేది మొదట ఆ అరగంటనే. మహిళా కండక్టర్లకైతే అది అన్నం వేళ మాత్రమే కాదు, బాత్రూముకు వెళ్లగలిగే వేళ కూడా.

ఏపీలో

ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులు, ప్రజా రవాణా శాఖ కింద. స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అయిదు రకాల బస్సుల్లో. అక్కడా టికెట్టు సున్నాదే, అక్కడా కార్డు చూపించాల్సిందే. తేడా అల్లా అడ్రసులో. తెలంగాణ కార్డున్నవాళ్లు అక్కడ కొనుక్కోవాలి.

డ్రైవరే కండక్టరు

కొన్ని సర్వీసుల్లో కండక్టరే ఉండడు. టిమ్ మిషను డ్రైవరు చేతికే ఇస్తారు. బస్సు కదలకముందే టికెట్లన్నీ కొట్టి, డబ్బు లెక్క చూసుకుని, ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకోవాలి. డిపోకి వచ్చాక బండి అప్పజెప్పి, మళ్లీ క్యాష్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడాలి.